భాగం 12: చిల్లర వర్తకంలో ఉద్యోగ సంతృప్తి – కౌంటరు వెనక మనిషి

12.0 పరిచయం

గత భాగంలో మీరు ప్రేరణ సిద్ధాంతాలను చదివారు. వాటిలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలనూ ఆఫీసులనూ చూసి రూపొందించినవి. ఈ భాగంలో అవే సిద్ధాంతాలను ఒక బట్టల దుకాణంలోకి తీసుకెళ్ళి, అక్కడ ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. మనం తీసుకుంటున్న ఊరు ఒంగోలు. ఈ భాగం పూర్తిచేసేసరికి మీరు ఉద్యోగ సంతృప్తిని నిర్వచించగలగాలి; దాన్ని కొలిచే పద్ధతులనూ వాటి లోపాలనూ చెప్పగలగాలి; అన్నిటికంటే ముఖ్యంగా, దుకాణంలో పనిచేసే వ్యక్తికి సంతృప్తి ఎక్కడ కలుగుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో మీ సొంత ఉదాహరణలతో వివరించగలగాలి.

పగలంతా కౌంటరు వెనక నిలబడి, రాత్రి భోజనం అయ్యాక ఈ పుస్తకం తెరిచేవారు మీలో కొందరు ఉంటారు. ఇందులో చెప్పే విషయాలు కొన్ని వారికి ముందే తెలుసు. వాటికి శాస్త్రంలో ఉన్న పేర్లే కొత్తగా అనిపిస్తాయి.

12.1 ఒంగోలు దుకాణం స్వభావం

ఒంగోలు ప్రకాశం జిల్లా కేంద్రం. ట్రంకు రోడ్డు, కర్నూలు రోడ్డు వెంబడి ఉన్న బట్టల షోరూములకు ఊళ్ళోవాళ్ళ కంటే చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్ళే పెద్ద బలం. దర్శి, పొదిలి, కొండపి, అద్దంకి వైపు నుంచి కుటుంబం కుటుంబమంతా పొద్దున బస్సెక్కి వచ్చి, పెళ్ళి బట్టలన్నీ ఒకే రోజులో తీసుకుని సాయంత్రానికి వెళ్ళిపోవాలని చూస్తారు. వాళ్ళ చేతికి డబ్బు కూడా ఏడాది పొడవునా ఒకేలా రాదు. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో చెక్కులు అమ్ముడయ్యాక, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు కదిలాక, పత్తి డబ్బు చేతికొచ్చాక కొనుగోళ్ళు ఊపందుకుంటాయి. దానికి ముహూర్తాలు, పండగలు తోడవుతాయి. మాఘమాసంలో కాలు పెట్టడానికి చోటుండదు. ధరలు పడిపోయిన ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో కూడా మధ్యాహ్నం పూట సెక్షన్ ఖాళీగా ఉంటుంది.

ఈ హెచ్చుతగ్గుల్లో సేల్స్‌మన్ చేతిలో ఉన్నది ఏమీ లేదు. పొగాకు గ్రేడు పడిపోవడానికి అతను కారణం కాదు. కానీ అతని నెల టార్గెట్ మాత్రం అంకెల్లో ముందే రాసి ఉంటుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, 12.6లో మళ్ళీ అవసరమవుతుంది.

పాత బట్టల కొట్లకూ నేటి షోరూములకూ ఉన్న ఒక తేడాను కూడా గమనించాలి. పాత కొట్టులో గుమాస్తా తెల్ల దుప్పటి పరచిన పరుపు మీద కూర్చుని తాను విప్పేవాడు. కొనేవాళ్ళూ ఎదురుగా అదే పరుపు అంచున కూర్చునేవారు. ధర చెప్పడం, తగ్గించడం, పాత బాకీ సంగతి గుర్తుచేయడం కొంతవరకు గుమాస్తా చేతిలోనే ఉండేవి. షోరూములో ధర చీటీ మీద అచ్చయి ఉంటుంది, కొనేవాళ్ళకు కుర్చీ ఉంటుంది, అమ్మేవాళ్ళు నిలబడి ఉంటారు. పాత కొట్టే మేలని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. అక్కడ సెలవులకూ జీతానికీ లెక్కాపత్రం ఉండటమే అరుదు. అయితే మారినవి పని గంటలు, జీతం మాత్రమే కావు. పనిలో ఉన్న పెత్తనం కూడా చేతులు మారింది.

12.2 నిర్వచనం, కొలత

ఉద్యోగ సంతృప్తి అనే మాటను శాస్త్రీయ పరిశోధనలోకి గట్టిగా తెచ్చినవాడు రాబర్ట్ హాపాక్. అమెరికాలో న్యూ హోప్ అనే చిన్న పట్టణంలో పనిచేసేవారిని ప్రశ్నించి, 1935లో తన పుస్తకాన్ని ప్రచురించాడు. తర్వాత 1976లో ఎడ్విన్ లాక్ ఇచ్చిన నిర్వచనం ఎక్కువ వాడుకలో ఉంది. మనిషి తన పనిని, పనిలోని అనుభవాలను తానే బేరీజు వేసుకున్నప్పుడు కలిగే ఆహ్లాదకరమైన మానసిక స్థితే ఉద్యోగ సంతృప్తి అని దాని సారాంశం. ఇందులో 'బేరీజు' అన్నది ముఖ్యమైన మాట. ఒకే జీతం, ఒకే పని గంటలు ఉన్న ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్పడానికి కారణం వాళ్ళు దేనితో పోల్చి బేరీజు వేస్తున్నారన్నదే. చీమకుర్తి గ్రానైట్ క్వారీ ఎండలో పనిచేసి వచ్చినవాడికి ఏ.సి. షోరూము ఒకలా కనిపిస్తుంది. డిగ్రీ చదివి బ్యాంకు ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్న అమ్మాయికి ఇంకోలా కనిపిస్తుంది.

కొలవడానికి అనేక సూచికలు ఉన్నాయి. ప్రసిద్ధమైనది స్మిత్, కెండల్, హ్యూలిన్ 1969లో ప్రకటించిన ఉద్యోగ వివరణ సూచిక. ఇది పనిని ఐదు ముఖాలుగా విడదీసి అడుగుతుంది: చేసే పని, జీతం, పదోన్నతి, పర్యవేక్షణ, తోటి ఉద్యోగులు.

ఇక్కడ కాసేపు ఆగి, ఈ ఐదింటినీ మళ్ళీ చదవండి. దుకాణంలో పనిచేసే వ్యక్తి రోజులో ఎక్కువసేపు ఎవరితో గడుపుతుందో ఆ మనిషి ఈ జాబితాలో లేడు. కొనుగోలుదారు లేడు. ఫ్యాక్టరీలో సరుకు చేసేవాడికీ దాన్ని వాడేవాడికీ మధ్య గోడలు, లారీలు, డీలర్లు ఉంటారు. కనుక అక్కడ ఈ లోపం పెద్దగా బాధించదు. దుకాణంలో అయితే సంబంధం ఇద్దరి మధ్య కాదు, ముగ్గురి మధ్య: యజమాని, ఉద్యోగి, కొనుగోలుదారు. జీతం ఇచ్చేది ఒకరు, రోజంతా ఆజ్ఞాపించేది ఇంకొకరు. సేల్స్ ఉద్యోగుల సంతృప్తిని అర్థం చేసుకోవడానికి ఈ త్రికోణమే కీలకమని ఈ రచయిత అభిప్రాయం. ఇక ముందు చెప్పబోయేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

12.3 కూర్చునే హక్కు: హెర్జ్‌బర్గ్ సిద్ధాంతానికి ఒక పరీక్ష

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, అతని సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో రెండు కారకాల సిద్ధాంతాన్ని ప్రకటించారని మీరు చదివారు. జీతం, పని పరిస్థితులు, సంస్థ విధానాలు, పర్యవేక్షణ వంటివి పరిశుభ్రతా కారకాలు. ఇవి లోపిస్తే అసంతృప్తి కలుగుతుంది, ఉన్నంత మాత్రాన సంతృప్తి కలగదు. సాధన, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల వంటివి ప్రేరకాలు. సంతృప్తి వీటి నుంచే వస్తుంది.

ఇంజనీరుకు ఈ విభజన బాగానే కుదురుతుంది. సేల్స్ అమ్మాయికి కుదురుతుందా? దీనికి మన పక్క రాష్ట్రాల నుంచి ఒక నిజమైన ఉదాహరణ ఉంది.

కేరళలోని కోళికోడ్‌లో మిఠాయి తెరువు పేరుపొందిన బజారు. అక్కడి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పనివేళల్లో మూత్రవిసర్జనకు వెళ్ళే సౌకర్యం కోసం మొదట గొంతెత్తారు. విజి అనే దర్జీ పనిచేసే మహిళ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడ్డారు. బేరం లేని సమయంలో కూడా కూర్చోనివ్వకపోవడం వారి తర్వాతి సమస్య. ఏళ్ళ తరబడి సాగిన ఆందోళన ఫలితంగా 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసే కార్మికులకు, వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఫ్యాక్టరీలో 1948లో చట్టమైన విషయం కేరళ దుకాణం గడప దాటడానికి 70 ఏళ్ళు పట్టింది. చెన్నై టి. నగర్ బట్టల దుకాణాల జీవితం మీద వసంతబాలన్ 2010లో తీసిన తమిళ చిత్రం 'అంగాడి తెరు'ను తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో మీలో చాలామంది చూసే ఉంటారు.

హెర్జ్‌బర్గ్ ప్రకారం స్టూలు ఒక పరిశుభ్రతా కారకం. కాళ్ళ నొప్పి, మడమల వాపు తగ్గించడం వరకే దాని పని. కానీ ఆ స్త్రీలు అడిగింది అంతవరకేనా? ఎవరూ లేని సెక్షన్‌లో కూడా నిలబడే ఉండాలన్న నియమం వెనక, కూర్చున్న ఉద్యోగి బద్ధకస్తురాలిగా కొనుగోలుదారుకు కనిపిస్తుందనే ఆలోచన ఉంది. అంటే నిలబడటం అమ్మకానికి అవసరం కాదు, అది కొనుగోలుదారు ముందు ఒక ప్రదర్శన. కూర్చోనివ్వడం అంటే 'నువ్వు నిలబెట్టిన బొమ్మవు కావు' అని ఒప్పుకోవడం. కనుక ఒకే స్టూలు పని పరిస్థితి కూడా అయింది, గుర్తింపు కూడా అయింది. దుకాణాల విషయంలో హెర్జ్‌బర్గ్ గీసిన గీత ఇలా చెరిగిపోతుంటుంది. పరీక్షలో ఈ సిద్ధాంతాన్ని విమర్శించమని అడిగితే ఈ ఉదాహరణ వాడుకోండి.

మన రాష్ట్రంలో దుకాణాల ఉద్యోగులకు వర్తించేది ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. వారానికి 48 గంటల పరిమితి, వారానికో సెలవు, మధ్యలో విరామం వంటివి దీని పరిధిలోకి వస్తాయి. కాగితం మీది నియమానికీ పండగ సీజన్‌లో షట్టర్ దించే వేళకూ ఉన్న దూరం మీకు తెలియనిది కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1: ఇ.ఎస్.ఐ. కార్డు ఉండటం హెర్జ్‌బర్గ్ ప్రకారం ఏ కారకం? నెలకు 21,000 రూపాయలలోపు జీతం ఉండి, ఇంట్లో జబ్బుతో ఉన్న తల్లి ఉన్న ఉద్యోగి దాన్ని ఎలా చూస్తుంది? ఐదారు వాక్యాల్లో రాయండి.

12.4 నవ్వు కూడా పనే: భావోద్వేగ శ్రమ

ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ప్రచురించిన గ్రంథంలో విమాన పరిచారికలనూ బాకీలు వసూలు చేసేవారినీ పరిశీలించి, భావోద్వేగ శ్రమ అనే భావనను వివరించింది. ఒకరు నవ్వును, ఇంకొకరు కఠినత్వాన్ని జీతానికి ఇస్తున్నారు. ముఖాన్ని, గొంతును సంస్థ కోరినట్టు మలచడం కూడా శ్రమే. అది రెండు రకాలు. లోపల ఒకటి ఉండి పైకి ఇంకొకటి చూపడం పైపై నటన. ఎదుటివారి పరిస్థితిని ఊహించుకుని నిజంగానే ఆ భావం తెచ్చుకోవడం లోతైన నటన. మొదటిది మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

చీరల సెక్షన్‌లో దీన్ని చూడండి. పెళ్ళికూతురి వైపు వాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. 60 చీరలు విప్పించారు. పెద్దామెకు అంచు నచ్చితే చిన్నామెకు కొంగు నచ్చలేదు. రెండు గంటల తర్వాత "మళ్ళీ వస్తాంలేమ్మా" అని లేచిపోయారు. ఆ 60 చీరలూ మడతపెట్టాలి. మడత పెడుతుండగానే ఇంకో బేరం వచ్చి కూర్చుంటుంది, మొదటి చీర విప్పినంత ఉత్సాహంతోనే 61వది విప్పాలి.

అనుభవం ఉన్న ఉద్యోగులు దీనికి సొంత మందు కనిపెట్టుకుంటారు. "అక్కా, మీ అమ్మాయి రంగుకి ఇది వద్దులే, ఆ చిలకాకుపచ్చ చూడు" అని వరస కలిపి మాట్లాడటం అలాంటిదే. వరస కలిపిన క్షణంలో నటన కొంత నిజమవుతుంది. ఎదుటావిడ కూడా కాస్త మెత్తబడుతుంది. కొన్ని చోట్ల శిక్షణ పేరుతో దీన్ని మాన్పించి, అందరినీ 'మేడమ్' అనే పిలవమంటారు. మర్యాదగా వినిపిస్తుంది, నిజమే. కానీ పొదిలి నుంచి వచ్చిన రైతు భార్యకు ఆ మాట దూరం పెంచుతుంది, ఉద్యోగి చేతిలో ఉన్న ఒక పనిముట్టు పోతుంది.

ఇక అసలు దెబ్బ తగిలేది బేరం పోయినప్పుడు కాదు. వాదన వచ్చినప్పుడు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకావిడ ఉతికిన చీర తెచ్చి రంగు దిగిందంటుంది. ఉతికినవి మార్చకూడదన్నది దుకాణం నియమం. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆ నియమమే చెబుతుంది. ఆవిడ గొంతు పెంచుతుంది. "నీతో మాటలేంటి, మేనేజర్ని పిలువు" అంటుంది. ఫ్లోర్ మేనేజర్ వచ్చి, నవ్వుతూ, "తప్పయిపోయిందమ్మా, ఈ పిల్లకి తెలీదు, మార్చి ఇస్తాం" అంటాడు. కొనుగోలుదారు సంతృప్తితో వెళ్ళిపోయింది. దుకాణం పేరు నిలబడింది. మరి ఆ అమ్మాయి? చెప్పమన్న నియమం చెప్పినందుకు పది మంది ముందు 'తెలీని పిల్ల' అయింది. రేపు ఇంకొకరు వస్తే ఆమె నియమం చెబుతుందా? చెబితే మళ్ళీ ఇదే. చెప్పకపోతే తప్పు ఆమెది.

ఈ సంఘటనలో జీతం తగ్గలేదు, పని గంటలు పెరగలేదు. ఐదు ముఖాల సూచికలో దీనికి సరిపోయే గడి 'పర్యవేక్షణ' ఒక్కటే, అది కూడా సగమే. మేనేజర్ చీర మార్చి ఇవ్వడం తప్పు కాదు. "ఆ అమ్మాయి చెప్పింది మా నియమమేనమ్మా. అయినా మీరు దూరం నుంచి వచ్చారు కాబట్టి ఈసారికి నేను మారుస్తున్నాను" అని అంటే చాలు. ఖర్చు అదే, చీర అదే. కౌంటరు వెనక మనిషి పరువు మాత్రం నిలిచింది.

12.5 చేతిలో ఎంత ఉంది: స్వేచ్ఛ, దాని లెక్క

హాక్‌మన్, ఓల్డ్‌హామ్ 1970ల మధ్యలో రూపొందించిన పని లక్షణాల నమూనాలో ఐదు లక్షణాలు ఉన్నాయి. ప్రతి లక్షణానికీ 1 నుంచి 7 వరకు మార్కులు. సూత్రం ఇది:

ప్రేరణ శక్తి = [(నైపుణ్య వైవిధ్యం + పని సమగ్రత + పని ప్రాముఖ్యం) ÷ 3] × స్వేచ్ఛ × ఫలిత సమాచారం

లెక్క కోసం ఊహించిన అంకెలు తీసుకుందాం. పట్టుచీరల సెక్షన్‌లో నైపుణ్య వైవిధ్యం 5, సమగ్రత 6, ప్రాముఖ్యం 4 అనుకోండి. మూడింటి సగటు 5. స్వేచ్ఛ 5, ఫలిత సమాచారం 5 అయితే ప్రేరణ శక్తి 125. అదే సెక్షన్‌లో ఫాల్ కుట్టించి ఇవ్వడానికీ, జాకెట్ ముక్క మార్చడానికీ, 50 రూపాయలు తగ్గించడానికీ ప్రతిసారీ పైఅంతస్తుకి ఫోన్ చేయాలనుకోండి. స్వేచ్ఛ 2కి పడిపోతుంది. ప్రేరణ శక్తి 5 × 2 × 5 = 50. మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు యజమాని శిక్షణ ఇప్పించి నైపుణ్య వైవిధ్యాన్ని 6కి పెంచాడు. సగటు 5.33, ప్రేరణ శక్తి సుమారు 53. దానికి బదులు చిన్న మార్పిడులు సెక్షన్ వాళ్ళే చేయవచ్చని చెప్పి స్వేచ్ఛను 3 చేస్తే 75. స్వేచ్ఛ, ఫలిత సమాచారం గుణకారంలో ఉన్నాయి కాబట్టి వాటి ప్రభావం పెద్దది. ఇవి ఊహించిన అంకెలేనని మరచిపోవద్దు. మనిషి మనసు సూత్రం ప్రకారం నడవదు. అయినా, కదపదగిన మీట ఎక్కడ ఉందో సూత్రం చూపిస్తుంది.

ఫలిత సమాచారం గురించి ఒక మాట. దుకాణంలో అది రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టే అమ్మకాల పట్టిక. రెండోది, ఆరు నెలల తర్వాత అదే కుటుంబం వచ్చి "అప్పుడు మాకు చూపించిన అబ్బాయి ఏడీ?" అని అడగడం. చాలాకాలం పనిచేసినవారిని మీరు పలకరిస్తే, పట్టిక సంగతి అడిగితేనే చెబుతారు. రెండోది అడగకుండానే చెబుతారు.

12.6 పోలిక: సెక్షన్ మారితే న్యాయం మారుతుందా?

స్టేసీ ఆడమ్స్ 1960లలో ప్రతిపాదించిన సమత్వ సిద్ధాంతం ప్రకారం మనిషి తాను పెట్టినదాన్నీ పొందినదాన్నీ మాత్రమే చూడడు. పక్కవాడు పెట్టినదాంతో, పొందినదాంతో పోల్చుకుంటాడు. దుకాణంలో ఈ పోలికకు ఇన్సెంటివ్ ప్రధాన కారణం. అమ్మకం విలువ మీద ఇన్సెంటివ్ లెక్కవేస్తే, పట్టుచీరల్లో ఒక్క బేరం తెచ్చే మొత్తాన్ని తువ్వాళ్ళు, లుంగీల సెక్షన్‌లో రోజంతా నిలబడినా తేలేరు. శ్రమలో తేడా లేదు, సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్‌కు ఎవరిని వేస్తారన్నది మేనేజర్ ఇష్టమైతే, అక్కడి నుంచి గుసగుసలు మొదలవుతాయి.

12.1లో గుర్తుంచుకోమన్న విషయం ఇక్కడికి వస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో టార్గెట్ దాటడం గొప్ప కాదు, ఖాళీ నెలలో దాటకపోవడం తప్పు కాదు. ఈ ప్రాంతపు రాబడి పంటను బట్టి ఉంటుంది కాబట్టి, నిరుటి ఇదే నెలతో పోల్చి టార్గెట్ పెట్టినా పూర్తి న్యాయం జరగదు. నిరుడు మిర్చి ధర ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. సెక్షన్ మొత్తానికి కలిపి ఇన్సెంటివ్ ఇవ్వడం, సెక్షన్లు వంతులవారీగా మార్చడం కొంత మేలు. బాగా అమ్మగలిగినవారు దీనికి ఒప్పుకోరు. వారి అభ్యంతరంలో కూడా న్యాయం ఉంది.

12.7 మానేయకపోవడం సంతృప్తి కాదు

యజమానులు సాధారణంగా "మా దగ్గర ఎవరూ మానేయరు" అన్నదాన్ని సంతృప్తికి రుజువుగా చెబుతారు. దీన్ని జాగ్రత్తగా చూడాలి. చెల్లెలి పెళ్ళికి యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు అది తీరేదాకా కదలలేడు. అతను ఉన్నాడంటే సంతృప్తితో ఉన్నాడని కాదు. అలాగే పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన అమ్మాయి పని నచ్చకే మానేసిందని చెప్పలేం. హెస్కెట్, అతని సహచరులు 1994లో ప్రకటించిన సేవ–లాభ గొలుసు నమూనాలో ఉద్యోగి సంతృప్తి, ఉద్యోగంలో కొనసాగడం, కొనుగోలుదారు సంతృప్తి, లాభం ఒకదానికొకటి లంకెలు. నమూనా ఉపయోగకరమే. అయితే ఒంగోలులో ఆ రెండో లంకెను కొలిచేటప్పుడు అడ్వాన్సు పుస్తకం కూడా తెరిచి చూడాలి.

12.8 క్షేత్ర అభ్యాసం

మీ ఊరిలో ఏదైనా దుకాణంలో పనిచేసే ముగ్గురితో మాట్లాడండి. యజమాని ముందు, కౌంటరు దగ్గర అడగవద్దు. టీ తాగే వేళలోనో, సెలవు రోజునో అడగండి. పేర్లు, దుకాణం పేరు రాయవద్దు. ఐదు ముఖాల మీద ప్రశ్నలు అడిగాక, ఈ మూడూ చేర్చండి: ఎవరినీ అడగకుండా మీరు తీసుకోగలిగిన నిర్ణయం ఒకటి చెప్పండి. కొనుగోలుదారు మీ మీద అరిచిన చివరిసారి మీ మేనేజర్ ఏమన్నారు? మీరు చూపించిన సరుకు గురించి మళ్ళీ వచ్చి చెప్పినవారు ఎవరైనా ఉన్నారా?

మీరే దుకాణంలో పనిచేస్తుంటే, ముగ్గురిలో ఒకరిగా మీ జవాబులు కూడా రాసుకోవచ్చు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును వారు చెప్పిన మాటల్లోనే, మార్చకుండా రాయండి. జవాబు రాకపోతే, ఎంతసేపు మౌనంగా ఉన్నారో అది కూడా రాయండి.